మామ కారు టాపు, నా వీపు

ఆ రోజుల్లో మా బంధువుల్లో ఎవరి బండి మొరాయించినా ముందు నాకే ఫోన్ వచ్చేది. తిరుపతిలో ఒక కార్ల షోరూములో కొత్తగా ఉద్యోగంలో చేరాను. అక్కడ నా పనల్లా సర్వీసుకు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, "ఇంకో అరగంటలో అయిపోతుంది సార్" అని చెప్పడమే. (ఆ అరగంట ఒక్కోసారి సాయంత్రం దాకా సాగేది. తిట్లు నావి, జీతం కూడా నాదే కాబట్టి సర్దుకుపోయేవాణ్ణి.) స్పానరు చేత పట్టిన పాపాన పోలేదు. అయితే చొక్కా జేబు మీద కారు బొమ్మ కుట్టి ఉండేది. జేబు మీద కారు ఉన్నవాడికి కారు గురించి తెలియకుండా ఎలా ఉంటుందని మావాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడానికి నేనూ పెద్దగా ప్రయత్నించలేదు. పెళ్ళి కావలసిన వయసు, నలుగురిలో పేరుంటే మంచిదే కదా అనుకునేవాణ్ణి.

అందరికంటే గట్టిగా నమ్మినవాడు మా మామ, అంటే అమ్మ తమ్ముడు. నగరిలో మరమగ్గాలు నడిపేవాడు. పగలంతా ఆ చప్పుడులో ఉండి ఉండి మామూలు మాట కూడా కేకేసినట్టే చెప్పేవాడు. ఆయన ఉన్నట్టుండి మద్రాసు వెళ్ళి, చిన్నప్పుడెప్పుడో రోడ్డు మీద చూసి మనసు పారేసుకున్న రకం కారు కొనేశాడు. ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. నెత్తిన ఫైబర్ టాపు, కావాలంటే బిగించుకోవచ్చు, వద్దంటే తీసి సీట్ల వెనక పెట్టుకోవచ్చు. ఇదంతా మా అత్తకు చెప్పకుండా చేశాడు. తెలిశాక అత్త అరవలేదు. (అరిచి ఉంటే మామ బతికిపోయేవాడు.) "ఆదివారం సత్యవేడులో మా అన్న కొత్తింట్లో చేరతా ఉండాడు. దాంట్లోనే పోదాం. నన్ను మర్యాదగా తీసకపోయిందంటే ఉండనీ. దోవలో ఏమన్నా తిక్క చేసిందంటే ఆ మద్రాసాయనకే తిరిగి ఇచ్చేయాల," అని మాత్రం చెప్పింది. ఆ మద్రాసాయన, అమ్మిన దగ్గర్నుంచీ మనసు పీకుతోందని, ఎప్పుడిచ్చినా తీసుకుంటానని ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

కొత్త బండికి అలిపిరిలో పూజ చేయించకుండా ఇంటికి తీసుకెళ్ళే ధైర్యం మా వైపు ఎవరికీ లేదు. వయసులో నాకంటే పెద్దదైనా మామకు అది కొత్త బండే. పసుపు, కుంకుమ, పూలదండ అయ్యాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించడానికి నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. దిష్టి గుమ్మడికాయను మాత్రం మామ ఎవరి చేతికీ ఇవ్వలేదు. "నా బండికి నేనే తీస్తా," అని, పెద్ద కాయ మీద కర్పూరం వెలిగించి, రెండు చేతులతో టాపు మీదుగా ఎత్తిపట్టి కారు చుట్టూ తిరిగాడు. తిరుగుతూ ఉండగా మండే కర్పూరం జారి ఆయన మణికట్టు మీద పడింది. మామ కాయ వదిలేశాడు. పైన ఫెళ్ళుమని వినిపించింది. నా పక్క సీట్లో, అంటే అత్త కూర్చోవలసిన సీట్లో, గుమ్మడికాయ వచ్చి కూర్చుంది. ఎన్నేళ్ళ ఎండలకో పెళుసెక్కిన టాపు రెండు ముక్కలై, నాకు నడినెత్తిన ఆకాశం కనిపించింది. పూజ చేసినాయన లోపలికి తొంగి చూసి, "దిష్టంతా పోయిందిలే సామీ, ఇంక మిగిలుండదు," అని పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు నవ్వు ఆగలేదు. "నవ్వినావంటే కొడతా," అన్నాడు మామ. తర్వాత గొంతు తగ్గించి (ఆయన తగ్గిస్తే మనకు మామూలు గొంతవుతుంది), "అబ్బోడా, మీ అత్తకు తెలిసిందంటే కారు పోయినట్టే. నువ్వు బాగు చేస్తావు కదా?" అన్నాడు. అంత ఆశగా అడిగిన మనిషికి నాకు రాదని ఎలా చెప్పను? "అదెంత పని మామా," అన్నాను.

ఫోన్లో వీడియోలు చూసి, గుడ్డలా ఉండే ఫైబర్ షీటు, బంకలాంటి రెజిన్, అది గట్టిపడడానికి కలిపే మందు కొనుక్కొచ్చాను. నా గది ముందు మిద్దె మీద ఇసుక పోసి, టాపు వంపుకు తగ్గట్టు గుంట చేసి, ముక్కలు రెండూ వెల్లకిలా పెట్టాం. వీడియోలో మందు కొంచెమే కలపమన్నారు. త్వరగా ఆరుతుందని మామ ఇంకొంచెం ఒంపాడు. బ్రష్షు ముంచేలోపే అది పొగలు కక్కి రాయైపోయింది. నా స్నానాల మగ్గు, బ్రష్షు కలిసి ఒకే వస్తువయ్యాయి. రెండోసారి కుదిరింది గానీ, సగంలోనే ఫైబర్ షీటు అయిపోయింది. "గుడ్డే కదరా కావాల్సింది. నేసేవాళ్ళ ఇంట్లో గుడ్డకు కరువా?" అని మామ తన సంచిలోంచి సొంత మగ్గాల మీద నేసిన ఆకుపచ్చ గళ్ళ లుంగీలు తీశాడు. నేను బంక పూస్తూ ఉంటే ఆయన పక్కన కూర్చుని, "ఆ అంచు లాగు, గడి వంకర పోతా ఉండాది," అని సరిచేస్తూ పోయాడు. పొర మీద పొర వేసి మందపాటి ఊతప్పంలా చేశాం. బయటివైపు ఎర్ర రంగు కొట్టి, కారుకు బిగించి దూరం నుంచి చూస్తే (బాగా దూరం నుంచి) కొత్తదానిలాగే ఉంది. మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెజిన్ ఘాటుకని అన్నాడు గానీ నేను నమ్మలేదు.

ఆదివారం అత్త పట్టుచీర కట్టుకుని, ముభావంగా కారెక్కింది. ఎందుకైనా మంచిదని నేను బైకు మీద వెనకాలే బయలుదేరాను. నగరి దాటకముందే కారు ఆగింది. వెళ్ళి చూస్తే అత్త తల పైకెత్తి టాపు లోపలి వైపే చూస్తోంది.

"ఏమయ్యా, కారుకు లుంగీ కట్టినావా?"

మామ నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. అబద్ధం ఏదీ తోచక ఆయన జరిగిందంతా చెప్పేశాడు, కర్పూరంతో సహా.

"అయితే ఇది మీరిద్దురూ అతికించిందా?"

"గట్టిగానే ఉండాదిలే, ఏం కాదు."

"మీరు అతికించింది నెత్తిన పెట్టుకోని సత్యవేడు దాకా నేను రాను. తీసేయ్ దాన్ని."

తీశాం. సీట్ల వెనక పెట్టబోతే పట్టలేదు, లుంగీలు ఎక్కువై టాపు మందమెక్కింది. డిక్కీ నిండా పుట్టింటికి తీసుకెళ్ళే సామాను. ముగ్గురం కాసేపు టాపును చూశాం, తర్వాత వాళ్ళిద్దరూ నన్ను చూశారు. "నీ వీపు ఖాళీగానే ఉండాది కదా అబ్బోడా," అంది అత్త. తువ్వాళ్ళు ముడేసి నా వీపుకు కట్టేశారు. పిచ్చాటూరు టీ అంగడి దగ్గర ఒకాయన, "ఏమప్పా, మిగతా కారు యాడ వదిలేసినావు?" అని అడిగాడు.

నాగలాపురం దాటాక వాన పట్టుకుంది. పట్టుచీర, తల నిండా పూలు, అటు పుట్టింట్లో శుభకార్యం. ఇంక కారు మద్రాసు చేరినట్టే అనుకున్నాను. బైకు ఆపి, కట్లు విప్పుకుని, టాపు నెత్తిన పెట్టుకుని, "ఆపు మామా," అని అరిచాను. కారు ఆగలేదు. మేకలు తోలుకొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు పరుగున వచ్చి నా టాపు కింద దూరారు. "శానా పెద్ద గొడుగు తెచ్చినావు నాయనా," అంది ఒకామె. దూరంగా కారులో అత్త రెండు చేతులూ పైకెత్తి ఉంది. తిడుతోందో, ఇంకేం చేస్తోందో అంత వానలో తెలియలేదు.

వాన తగ్గాక ఆ ఆడవాళ్ళే టాపు మళ్ళీ నా వీపుకు కట్టి పంపారు. ఆ రోజు తడవకుండా సత్యవేడు చేరింది నేనొక్కణ్ణే. నేను వెళ్ళేసరికి అత్త జుట్టు విప్పి ఆరబెట్టుకుంటూ వాళ్ళ వదినతో చెబుతోంది. "ఆపుతానంటాడు ఈయన. నేనే పోనీమన్నా. పెండ్లయినాక మేమిద్దురం ఇట్ల వానలో తిరిగిందే లేదు వదినా." మామ గుమ్మం పక్కన నిలబడి తుమ్ముతూ, తీర్పు కోసం ఎదురు చూస్తున్నాడు. అత్త నన్ను చూసి, నా వీపు చూసి, నవ్వలేక కడుపు పట్టుకుని కూర్చుంది. కొంతసేపటికి మామ వైపు తిరిగింది.

"ఆ మద్రాసాయన మళ్ళా ఫోన్ చేస్తే, టాపు తీసకపొమ్మని చెప్పు. కారు మనకుండనీ."

తర్వాతి కాలంలో నేను నిజంగానే పని నేర్చుకున్నాను. ఇప్పుడు నా చేతుల మీదుగా బాగుపడి పోయే బండ్లు చాలానే ఉన్నాయి, అతుకు ఎక్కడుందో కూడా కనిపించదు. జనం తాళాలు తీసుకుని, తల ఊపి వెళ్ళిపోతారు. వీపున టాపు కట్టుకుని వాకిట్లో నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. అంత అధ్వానంగా చేసి, ఇద్దరు మనుషులను అంత సంతోషపెట్టిన రిపేరు మళ్ళీ నా వల్ల కాలేదు.