యూదాకు మొహం కావాలి

ఫ్రేములక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరికీ తెలుసు. ఎందుకుంటుందో మాత్రం ఎవరూ ఆలోచించరు. ఆ కోపం తెప్పించేది వాళ్ళే కాబట్టి ఆలోచించకపోవడమే వాళ్ళకు సుఖం.

చర్చికి ఎదురుగా ఆమెది ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపు. అద్దం కోయడం దగ్గర్నుంచి మేకు కొట్టడం దాకా అన్నీ తనే చేస్తుంది. షాపు వెనక గదిలో తనూ, కళ్ళకు శుక్లాలు వచ్చిన ముసలి తల్లీ ఉంటారు. ఎవరి జోలికీ వెళ్ళని మనిషి. కానీ చర్చి గోడ మీద బొమ్మ ఒకటుంది. అది ఆమె జోలికి రాకుండా ఒక్క రోజూ ఊరుకోలేదు.

బలిపీఠం పక్క గోడంతా పరుచుకున్న కడరా భోజనం బొమ్మ అది, యేసు చనిపోయే ముందు రాత్రి శిష్యులతో కలిసి చేసిన విందు. కొత్తవాళ్ళకు మామూలు బొమ్మే. ఈ వీధివాళ్ళకు మాత్రం కుటుంబ ఫోటో. వెనకటికి దాన్ని వేసిన చిత్రకారుడికి శిష్యుల మొహాలు ఊహించుకునే ఓపిక లేక, వీధిలో మనుషులనే పిలిచి కూర్చోబెట్టి వేశాడట. అప్పటినుంచి ఎవరి తాత ఏ శిష్యుడో ఇక్కడ పాలు తాగే పిల్లలకు కూడా కంఠతా వచ్చు. బేకరీ ఆయన తాతది పేతురు మొహం. ఆ ముక్కును ఇప్పటికీ బేకరీ గల్లాపెట్టె వెనక చూడొచ్చు. షాపు బోర్డు మీద ‘పేతురుగారి వంశం’ అని రాయించుకున్నాడు, ఇక రొట్టె మాడినా అడిగేవాడు లేడు. బొమ్మలో అందగాడు యోహాను, ఆయన మనవలు తామింకా అందగాళ్ళమనే అనుకుంటున్నారు. వాళ్ళింట్లోనూ అద్దాలున్నాయి, అందులో మన జోక్యం అనవసరం.

ఇక బల్ల చివర, డబ్బుల సంచి గుప్పిట్లో బిగించి పక్కచూపులు చూస్తూ ఒకడున్నాడు. యూదా. డబ్బు తీసుకుని ప్రభువును పట్టిచ్చినవాడు. ఆ మొహం ఫ్రేములక్క తాతయ్యది, అంటే వాళ్ళమ్మ తండ్రిది.

బళ్ళో చదువుకునే రోజుల్లోనే ఆమెకు ‘యూదా మనవరాలు’ అని పేరు పడింది. దాగుడుమూతల్లో ఎవరు దొరికినా చెప్పింది ఈమే అనేవారు. పెద్దయ్యాక షాపు పెడితే, చిల్లర ఇచ్చేటప్పుడు “సంచీ పెద్దదేనే” అని నవ్వేవారు. ఎవరింట్లో గుట్టు బయటపడినా అందరి చూపూ ముందు ఫ్రేముల షాపు మీదికే పోయేది. అందరూ సరదాకే అనేవారు. ఈ సరదా వల్ల ఆమెకు ఎన్ని రోజులు అన్నం సహించలేదో ఎవరికీ అక్కర్లేదు. అసలు ఆ చిత్రకారుడు తాతయ్యనే యూదాగా ఎందుకు వేశాడంటే, తాతయ్య ఏదో చేసే ఉంటాడని వీధి తీర్పు. ఏం చేశాడో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవారు. ఫ్రేములక్కకూ తెలియదు. వాళ్ళమ్మను అడగాలన్నా భయం, ఆ మాటెత్తితే ముసలిదాని మనసు నొచ్చుకుంటుందని.

ఇలా ఉండగా వానకు చర్చి కప్పు కారి గోడ చెమ్మగిల్లింది. బొమ్మకు మళ్ళీ రంగులు వేయాలన్నారు. ఆ మాట చరిత్ర మాస్టారి చెవిన పడింది, అంతే, వీధికి నిద్ర లేకుండా పోయింది.

చరిత్ర మాస్టారంటే ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పినాయన. రిటైరయ్యాక లెక్కలు తనను మోసం చేశాయని చరిత్రలోకి దిగాడు. స్థానిక చరిత్ర మిత్రమండలి పెట్టి, తనే అధ్యక్షుడై, ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక జనాన్ని బొమ్మ ముందు నిలబెట్టి ఉపన్యాసం ఇస్తాడు. ఈ రంగుల పనిని ఆయన ‘మన గోడ, మన మొహాలు’ అనే సామూహిక కళా మహోద్యమంగా మార్చేశాడు. ఆడవాళ్ళు గుడ్డ ముక్కలతో శిష్యులను కుట్టారు. పిల్లలు కాగితం ప్లేట్ల మీద మొహాలు గీశారు. బేకరీ ఆయన పేతురు ఆకారంలో బిస్కెట్లు చేశాడు, ముక్కే ముందు విరిగేది. నిజం చెప్పొద్దూ, వీధంతా ఇంత సంతోషంగా ఒక పని చేయడం అదే మొదటిసారి. వీటన్నిటికీ ఫ్రేములు కట్టి ప్రదర్శన పెట్టాలని మాస్టారు ఫ్రేములక్క దగ్గరికి వచ్చాడు.

“కడతాను మాస్టారూ. కానీ గోడ మీద మా తాతయ్య మొహం తీసేయించండి,” అందామె.

“అది చారిత్రక సంపదమ్మా.”

“అయితే ఆ సంపద మీ ఇంటికి పట్టుకెళ్ళండి. మీ తాతదని చెప్పుకోండి.”

ఫాదర్‌గారి దగ్గర పంచాయితీ జరిగింది. ఫ్రేముల్లేకుండా ప్రదర్శన లేదు, ఈమె తప్ప ఫ్రేములు కట్టేవాళ్ళూ లేరు. చివరికి మిగతా మొహాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, యూదాది మాత్రం మార్చాలని తేల్చారు. పక్క ఊరినుంచి వచ్చిన బొమ్మలాయన నిచ్చెనెక్కి, గీకుడు రేకుతో ఆ మొహాన్ని గీకేసి సున్నం పూశాడు. ఫ్రేములక్క కింద నిలబడి చూసింది. రాలిన రంగు పెచ్చులను తనే చీపురుతో ఊడ్చి చెత్తలో పోసింది. ఇన్నేళ్ళ బరువు దిగిపోయినట్టు అనిపించి ఆ రోజు కడుపు నిండా తింది. తల్లికి మాత్రం చెప్పలేదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక తీసుకెళ్ళి, మన పీడ వదిలిందమ్మా అని చూపించి సంతోషపెట్టాలనుకుంది.

ఇప్పుడు యూదాకు కొత్త మొహం కావాలి. మాస్టారు ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకాయన తన మొహం ఫోటోకు సరిగా రాదన్నాడు. ఇంకొకాయన భార్యను అడిగి చెబుతానని వెళ్ళి చర్చి వైపు రావడమే మానేశాడు. పేతురుకు ముక్కు ఇచ్చిన ఇల్లు యూదాకు చెవి కూడా ఇవ్వదని బేకరీ ఆయన తేల్చి చెప్పాడు. చివరికి మాస్టారికి ఒక ఉపాయం తట్టింది. చర్చి వాకిట్లో పెట్టె పెడదాం, ఎవరిది తగిన మొహం అనిపిస్తే వాళ్ళ ఫోటో వేయండి, పేరు బయటపెట్టం అన్నాడు. తమ ఫోటోలు తాము వేసుకుంటారని పాపం ఆయన ఆశ.

పెట్టె రెండు రోజుల్లో నిండిపోయింది. ఫాదర్‌గారు చర్చి కమిటీ ముందు మూత తీశారు. వీధిలో ఉన్న ప్రతి ఇంటి మొహమూ అందులో ఉంది, వేసింది పక్కింటివాళ్ళు. పెళ్ళి ఫోటోల్లోంచి కత్తిరించినవి, పిక్నిక్ ఫోటోల్లోంచి చింపినవి. అన్నిటికంటే ఎక్కువ బేకరీ ఆయనవే వచ్చాయి. బేకరీ ఆయన వేసింది మాస్టారిది. మాస్టారు వేసింది ఫ్రేములక్కది, వెనక ‘చారిత్రక కొనసాగింపు కోసం’ అని రాసి మరీ. అడుగున చర్చి క్యాలెండర్లోంచి కోసిన ఫాదర్‌గారి బొమ్మ కూడా దొరికింది.

ఫాదర్‌గారు దాన్ని కాసేపు చూసుకుని మూత వేసేశారు. “పెట్టెలో ఫోటోలు వేసినవాళ్ళ మొహాలు వేద్దామంటే మన గోడ చాలదు మాస్టారూ,” అన్నారు.

యూదా మెడ మీద తెల్లటి సున్నం మచ్చ అలాగే ఉండిపోయింది.

తల్లి కళ్ళకు ఆపరేషన్ అయింది. కొత్త కళ్ళద్దాలు పెట్టుకోగానే ముందు చర్చికి తీసుకెళ్ళమంది. ఫ్రేములక్క సంబరంగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ముసలామె బల్లలు తడుముకుంటూ నేరుగా ఎడమ వైపు చివరికి నడిచి కూర్చుంది, కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంది, తల ఎత్తింది.

“మా నాన్నేడే?” అంది.

“తీసేయించానమ్మా. నేనే. ఇంకెవరూ మనల్ని ఏమీ అనరు.”

“తీసేయించావా? ఎక్కడ పెట్టారు?”

“గీకేశారమ్మా,” అంది ఫ్రేములక్క.

ముసలామె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మెల్లిగా చెప్పింది. “నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయనకు ఫోటో లేదు. మా అమ్మ నన్ను చంకనేసుకుని ఇక్కడికి తెచ్చి, అడుగో మీ నాన్న అని చూపించేది. ఈ గోడ మీద చూసే నేను మా నాన్నను నేర్చుకున్నాను.”

“యూదా కదమ్మా. అందరూ నవ్వేవాళ్ళు కదా.”

“వాళ్ళకు యూదా. నాకు నాన్న. ఆ వేషానికి మొహం ఇచ్చేవాడు దొరక్క పని ఆగిపోతే, సరే నాది వేసుకోండి అన్నాడట. మా అమ్మ నెల్లాళ్ళు మాట్లాడలేదట ఆయనతో.”

ఇంతేనా అనిపించింది ఫ్రేములక్కకు. ఈ ఒక్క మాట అడగడానికి తనకు ఇన్నేళ్ళూ నోరు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. వెళ్ళి బొమ్మలాయన కాళ్ళావేళ్ళా పడింది. చెరిపిన మొహాన్ని మళ్ళీ వేయాలంటే ఫోటో ఉండాలి కదమ్మా అన్నాడాయన.

ఫోటో కోసం వీధంతా తిరిగింది. మాస్టారి దగ్గర ఆ గోడవి బోలెడు ఫోటోలున్నాయి. కానీ పాతకాలం నాణేల మీద ఉపన్యాసం కోసం ఆయన తీసిందంతా డబ్బుల సంచే. బేకరీ ఆయన దగ్గర పేతురు ఒక్కడే ఉన్నాడు, అన్ని సైజుల్లో. ఆ గోడ ముందు ఎన్ని పెళ్ళిళ్ళు కాలేదు! ఆ ఫోటోలన్నీ ఇంటింటా గోడలకు వేలాడుతూనే ఉన్నాయి. వాటిలో మాత్రం తాతయ్య ఎందుకు లేడో ఆమెకు ఒకర్ని అడగాల్సిన పని లేదు. ఫ్రేము కట్టడానికి వచ్చిన ప్రతి ఫోటోలోనూ ఆ మూలను అంచు ఎక్కువైందని చెప్పి బ్లేడుతో కోసి పారేసింది తనే. ఆ రోజు ఫ్రేములక్క షాపు షట్టర్ దించుకుని ఏడ్చింది.

దారి చూపింది బొమ్మలాయనే. “మీ అమ్మగారు తండ్రి పోలికేనా?” అని అడిగాడు. అవునని అందరూ అనేవారు, అంది పక్కనే ఉన్న ముసలామె. “అయితే మీరే కూర్చోండమ్మా.”

చర్చిలో కుర్చీ వేశారు. ముసలామె వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. వార్త పొక్కి వీధంతా వచ్చింది. గడ్డం నల్లగా ఉండాలని ఒకరు, కళ్ళు చిన్నవి చేయాలని ఒకరు, మొహాలు దాచుకున్నవాళ్ళందరూ సలహాలకు మాత్రం వెనకాడలేదు.

“కాస్త కపటంగా చూడండమ్మా,” అన్నాడు బొమ్మలాయన.

ఆవిడ ప్రయత్నించింది. ఎంత ప్రయత్నించినా, దుకాణంలో ఉప్పు ఎక్కడుందా అని వెతుకుతున్నట్టే ఉంది. ఆయన అలాగే వేసేశాడు. ప్రదర్శన రోజున చరిత్ర మాస్టారు, యూదా కళ్ళలోని పశ్చాత్తాపం కళాచరిత్రలోనే అరుదైనదని గంటసేపు ఉపన్యసించాడు. జనం బిస్కెట్లు తింటూ విన్నారు.

అందరూ వెళ్ళిపోయాక ఫ్రేములక్క తల్లిని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. బల్ల చివర, సంచి పట్టుకుని, ముడతలు పడిన మొహంతో ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు.

“తాతయ్యలా వచ్చాడా అమ్మా?”

“ఎక్కడే. మా నాన్న కుర్రవాడు. నీకంటే చిన్నవాడు.” ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది. “బతికుంటే ఇలా అయ్యేవాడేమో. ముసలివాడయ్యాడు, పాపం.”

“తప్పు చేశానమ్మా,” అంది ఫ్రేములక్క.

“చేశావు,” అంది తల్లి. “పద, మోకాళ్ళు పట్టేశాయి.”