ఎస్ అంటే వై

వాన వెలిసి కరెంటు రాగానే, టెక్కలి జిరాక్సు కొట్టులోని కంప్యూటరు ఒక్కసారి కీచుమంది. ఆ కూత వింటే ఇప్పటికీ నా చూపుడువేలు దానంతటదే ముడుచుకుంటుంది. యంత్రం మేలుకున్నానని చెప్పే కూత అదని నాకు తెలిపింది సలోమి టీచరుగారు. దాంతోపాటే వారి ముందుగది, తడిసిన సున్నం వాసన, వారి కంటి మీది తెల్లటి కట్టు, అన్నీ వచ్చేశాయి.

ఆవిడ మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నౌపడ దగ్గర మా ఊళ్లో, మధ్యాహ్నాలు పనులు తెమిలాక ఆడవాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. నేను నలభై దాటాక చేరాను. ఒకరోజు అట్టముక్క మీద చెప్పు బొమ్మ గీసి, "ఇదేంటి?" అన్నారు. "సెప్పండి" అని అందరం ఒక్క గొంతుతో అన్నాం. రాయమంటే అందరం 'స'తోనే రాశాం. ఆవిడ నవ్వి, "నోటితో సెప్పు అనండి, మీ నోరు మీది. రాసేటప్పుడు మాత్రం చ" అన్నారు. నాకు కోపం వచ్చింది. "అనీది ఒకటి, రాసీది ఒకటేటండి? మావు సదువుకోనేదని ఆటాడతన్నారా?" అన్నాను. పైకి వెటకారమే గాని లోపల సిగ్గు. చదువుకున్నవాళ్ల నోరూ రాతా ఒక్కటిగా ఉంటాయనీ, మా నోళ్లే వంకరనీ అనుకునేదాన్ని.

బడి పుస్తకాల్లో పాఠాలు పిల్లల కోసం రాసినవి. అందుకని టీచరుగారు మా మాటల్నే పాఠాలుగా కంప్యూటర్లో కొట్టేవారు. బతుకంతా నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసిన మా అమ్మ కూడా ఒక మధ్యాహ్నం గడప మీద కూర్చుని తన కథ చెప్పింది. మర్నాడు నేను చదివి వినిపించమంటే టీచరుగారు ఒప్పుకోలేదు. "నీకు చదువు వచ్చాక నువ్వే చదువుకో, నూకమ్మా. అది నీ పాఠం" అన్నారు. నాకు గుణింతాలు పూర్తికాక ముందే అమ్మ పోయింది. ఆ మాటలు ఇక ఆ యంత్రంలోనే ఉన్నాయి, మరెక్కడా లేవు.

ఆ కంప్యూటర్లో రెండు డిస్కులుండేవి. చిన్నది పాతది. తెలుగు కొట్టుకునే పాత ఏర్పాటూ, మా పాఠాలూ దాంట్లోనే. పెద్దది తరవాత పెట్టించింది, ఇంటర్నెట్టు కోసం వేరే ఏర్పాటుతో. మొదలుపెట్టినప్పుడు ఏది కావాలో అడిగే పట్టీ తెర మీదికి వచ్చేది. ఒక ఏడాది తుఫానుకి స్తంభాలు పడిపోయి చాలా రోజులు కరెంటు లేదు. వచ్చాక మీట నొక్కితే పట్టీ రాలేదు. నల్లటి తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క పడి ఆగిపోయింది. టీచరుగారు రిపేరు చేసే అతనికి ఫోను చేశారు. డిస్కు పోయినట్టుంది, తెస్తే అంతా తుడిచి కొత్తగా ఎక్కిస్తానన్నాడు.

తుడవడమనే మాట వినగానే యంత్రానికి అడ్డంగా నిలబడ్డాను. "మాయమ్మ ఉన్నాదండి దాన్లో" అన్నాను.

"తెలుసు. ముందు మనం చూద్దాం" అన్నారావిడ. కాని ఆవిడకి అప్పుడే శుక్లం ఆపరేషనయింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి అంతా మసక. "నాకు కనబడదు. నువ్వు చదువు."

"నానా? ఇంగిలీసా?"

"ఏబీసీడీలు నేర్పాను కదే. ఒక్కొక్క అక్షరం చెప్పు, చాలు."

ఆవిడ చెప్పిన మీట నొక్కి, యంత్రం లోపలి నీలం తెర తెరిచాను. ముందు తేదీ చదవమన్నారు. చదివితే ఎప్పటిదో పాత సంవత్సరం. టీచరుగారు ఊపిరి పీల్చుకున్నారు. "డిస్కు పోయిందని ఇప్పుడే అనుకోవద్దు. లోపల బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది, అది చచ్చిపోయింది. తేదీ మరిచిపోయింది, ఏ డిస్కు నుంచి మొదలెట్టాలో కూడా మరిచిపోయి ఉంటుంది. బూట్ అని ఎక్కడుందో చూడు."

"బీ, ఓ, ఓ, టీ. సెప్పులయిపోయి బూట్లలోకొచ్చీసేమేటండి?"

ఆవిడ పకపకా నవ్వారు. పెద్ద డిస్కు పైన ఉంది, చిన్నది కింద. పట్టీ చిన్నదాంట్లోనే ఉందని, దాన్ని పైకి జరిపించారు. బయటికి వచ్చేముందు యంత్రం ఏదో అడిగింది. మీట మీంచి వేలు తీసేశాను. "తుడిసీమంటారా అనడగతందేటండి?"

"అక్షరాలు చెప్పు."

"ఎస్, ఏ, వీ, ఈ."

"సేవ్. దాచమంటావా అని. ఎస్ కొట్టు."

కొట్టాను. ఏమీ జరగలేదు. మళ్లీ కొట్టాను. "టీసరమ్మా, ఎస్ కొడతన్నాను, కదల్నేదు!" నాకు ఏడుపు ఆగలేదు. టీచరుగారు తడుముకుంటూ వచ్చి, ఏ మీట మీద ఉన్నావని నా వేలిని అడిగినట్టుగా పట్టుకున్నారు. "అయ్యో, ఆ ఎస్ కాదే పిచ్చిదానా. అవునని చెప్పే ఎస్. దానికి మొదటి అక్షరం వై."

"ఎస్ కి వై ఏటండి?"

"నోటితో ఎస్. రాసేటప్పుడు వై."

ఆవిడ భుజాలు నవ్వుతో కదలడం మొదలైంది. "దొరలకీ మన జబ్బేనన్నమాట" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. నా సిగ్గు ఆ నవ్వులో ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. వై నొక్కాను. కూత వినిపించింది. పట్టీ వచ్చింది.

బిళ్ల బ్యాటరీ దొరికేదాకా ఆపినప్పుడల్లా యంత్రం మరిచిపోయేది, నేను మళ్లీ చెప్పేదాన్ని. కంటి కట్టు విప్పాక కూడా టీచరుగారు దాన్ని ముట్టుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "నీ మాటే వింటుందిలే" అనేవారు. అమ్మ పాఠం అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ కుర్చీ పక్కనే చదివాను. ఆవిడ ఒక్క మాట కూడా అందించలేదు.

ఇప్పుడు ఆవిడా లేరు. వాన వెలిసిన ఈ సాయంత్రం, అమ్మ పాఠం మా మనవరాలికి ఇద్దామని కొట్టుకి తెచ్చాను. అప్పట్లో ఆ యంత్రం నుంచి అచ్చు తీయించుకున్న కాగితం వెలిసిపోయింది. కొట్టులో పనిచేసే పిల్ల దాన్ని చూసి కంప్యూటర్లో మళ్లీ కొడుతోంది. మధ్యలో ఆగి, "మామ్మా, ఇక్కడ తప్పున్నాది" అంటూ చదివింది. "'ఉప్పుమడిలో దిగినోళ్లకి సెప్పులేటే, కాలి తోలే సెప్పయిపోతాది.' చ పెట్టీమంటావా?"

"వద్దమ్మా" అన్నాను. "అది మాయమ్మ నోరు. అలాగుండనీ."