నేను టైపు చెయ్యని ఇద్దత్

ముందే చెప్పేస్తున్నా, నాకు పెంచి చెప్పే జబ్బుంది. చీమ కుడితే తేలంటాను. తేలే కుడితే నా శవయాత్రకు ఎంతమంది వచ్చారో కూడా చెప్తాను. మా ఆవిడ నా మాటల్లో ముప్పావు వంతు తీసేసి, మిగిలినదాన్ని సగమే నమ్ముతుంది. అందుకే ఇన్నేళ్ళుగా మోస్తున్న ఈ ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు, నవ్వించేస్తానని. మోసి మోసి అలిసిపోయాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అదే నయం.

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటేడు ఒమాన్లో, రూవి బజారులో ఒక టైపింగ్ దుకాణంలో ఉండేవాణ్ణి. మూడు పిల్లులు కూర్చుంటే నాలుగోది బయట నిలబడాలి, అంత గది. ఎండకి మిషను మీటలు వేళ్ళకంటుకుని ఊడొచ్చేవి. మా పని అర్జీలు కొట్టడం. కొట్టడమంటే సాపు చెయ్యడం. కరీంనగర్ మేస్త్రీ వచ్చి "ఫోర్‌మన్ నన్ను తన్నిండు, ఇంటికి వోత" అంటే, "కుటుంబ కారణాల వల్ల సెలవు కోరుతున్నాను" అని కొట్టేవాణ్ణి. చదివే ఆఫీసరు మొహం చిట్లించకూడదు. ఆ విద్యలో గల్ఫంతా గాలించినా నాకు సాటి లేడు.

ఒక మధ్యాహ్నం, బజారంతా షట్టర్లు దించే వేళ, ఒక ఒమానీ టీచరమ్మ వచ్చింది. అక్కడ టీచరమ్మను ఉస్తాదా అంటారు. చిన్నప్పుడు కరాచీలో పెరిగిందట, ఉర్దూ మాట్లాడుతుంది. ఇంగ్లీషు రాదు. లండన్లో ఒకామె పుస్తకం కూరుస్తోందట: ఆడవాళ్ళను ప్రేమించిన అరబ్బు ఆడవాళ్ళ చరిత్ర, మామూలు మనుషులకు కూడా అర్థమయ్యేలా. అందులోకి తన మేనత్త మౌజా కథ పంపాలి.

"మా పిల్లలు ఇదేదో పైదేశం నుంచి దిగిందనుకుంటారు, భాయ్. మా ఊళ్ళో, ఇబ్రాలోనే ఉందని చదవాలి వాళ్ళు."

ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. ఇబ్రాలో మౌజా, షేఖా అనే ఇంకొకావిడ ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. ఊరికి తెలుసు. ఊరు మాట్లాడలేదు. షేఖా పోయినప్పుడు, పెళ్ళే చేసుకోని మౌజా ఇద్దత్ కూర్చుంది. మా ముసల్మానుల్లో మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా, అత్తరు ముట్టకుండా కూర్చునే గడువు అది. మా నాన్న పోయినప్పుడు కడపలో మా అమ్మ కూర్చుంది. అంటే ఏమిటో నాకొకరు చెప్పాలా?

కాగితాలు రేపు తీసుకుంటానని ఆమె గడప దిగిందో లేదో, దుకాణం యజమాని, మా అర్బాబ్, తుపానులా వచ్చిపడ్డాడు. నా నోట్సు లాక్కుని చూశాడు. "ఇలాంటివి కొట్టావా, వీసా కాన్సిల్! రేపే విమానం ఎక్కిస్తా!" ఆ రంకెకి గోడ గడియారం ఆగిపోయింది.

అందుకని, ప్రేమించింది అన్న చోటల్లా "సొంత చెల్లెలిలా చూసుకుంది" అని కొట్టాను. ఇద్దత్ తీసేసి "చాలాకాలం దుఃఖించింది" అన్నాను. నాలుగు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు. ఎంత శుభ్రంగా వచ్చిందని!

మర్నాడు ఆమె అడిగింది, అంతా ఉందా అని. అక్షరం పొల్లుపోలేదన్నాను.

మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది, చేతిలో లండన్ కవరుతో. చదివిపెట్టమంది. ఇంకెవరికి చూపిస్తుంది? ఆ కథ తెలిసినవాణ్ణి రూవిలో నేనొక్కణ్ణే. ఉత్తరంలో ఇలా ఉంది: ఇద్దరు స్నేహితురాళ్ళ కథ మనసుకు హత్తుకుంది, కానీ మా పుస్తకం ప్రేమ గురించి, అది ఇందులో మాకు కనిపించలేదు, చెప్పకుండా వదిలేసింది ఏమైనా ఉంటే రాయండి, మీ కోసం ఆగుతాం.

ఆగుతారట. ఒక్క పేజీ చాలు. మిషను నా ముందే ఉంది.

"ఏమంటోంది, భాయ్?"

"పుస్తకం నిండిపోయిందట, ఉస్తాదా. చోటు లేదట."

"ఇంకేమీ అడగలేదా?"

"లేదు."

ఆమె ఉత్తరం మడిచింది. మళ్ళీ విప్పి, తనకు రాని ఆ అక్షరాలకేసి చూసింది.

"నేనే సరిగ్గా చెప్పలేకపోయుంటాను. మా అత్తకి చదువు లేదు. అయినా ఎంత బాగా చెప్పింది నాకు! నేను టీచర్నయ్యుండి..."

నేనేమన్నాను? చాయ్ తాగుతారా అన్నాను. తాగకుండానే వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ పుస్తకం వచ్చిందో లేదో తెలీదు. వచ్చుంటే అందులో ఇబ్రా లేదు. ఏ పిల్లయినా వెతికితే దొరకదు.

భయపడ్డావు కదా, బతుకుతెరువు కదా అని మీరు అనబోతున్నారు. ఆగండి. ఇందులో కల్పించిందేదో చెప్పాలి. మీటల సంగతి వదిలేయండి, ఒకటి ఊడిన మాట నిజమే. అర్బాబ్ రాలేదు. ఆ వారమంతా ఆయన ఊళ్ళోనే లేడు. నోట్సు ఎవరూ లాక్కోలేదు, గడియారం సుబ్బరంగా తిరిగింది. నన్ను బెదిరించినవాడు లేడు. గదిలో నేనొక్కణ్ణే. మా అమ్మ కూర్చున్న ఇద్దత్, ఆ మౌజా కూడా కూర్చుందంటే నాకు గిట్టలేదు. అంతే. చేతికి అలవాటైన పనే కదా, సాపు చేసేశాను.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి ఎక్కడుందో తెలీదు. మౌజా షేఖాను ప్రేమించింది, ఆమె కోసం ఇద్దత్ కూర్చుంది. ఈ ఒక్క మాటలో నేను పెంచిందేమీ లేదు.