అలవాటు కాని పళ్ళు

కట్టుడు పళ్ళు పెట్టి పంపిన డాక్టర్ “మెల్లగ అలవాటైతది” అంటే ఒప్పుకోకండి. చెప్పు కరిస్తే అలవాటైతది. పళ్ళ సంగతి అట్ల కాదు. కింది దవడ ఎక్కడ ఆగాలో ముందు తేలాలి. బడి మధ్యలోనే మానినా, దొరికిన పుస్తకమల్లా చదివిన మనిషిగా చెబుతున్నాను.

మా ఇంటామెకు దవడ పళ్ళు ఊడి చాలా ఏండ్లు. అన్నమైనా, రొట్టె అయినా ముందుపళ్ళతోనే నమిలేది. అట్ల కింది దవడ ముందుకు రావడం మరిగింది. చివరికి ఆ పళ్ళూ పోయాయి. అత్తాపూర్‌ల పళ్ళ డాక్టరమ్మ కొలతకని నోట్లె మైనం పెట్టి “కొరుకమ్మా” అంటే, ఈమె ముందుకే కొరికింది. ఆ కొలతకే పళ్ళు తయారైనయి. తినేటప్పుడు దవడ తన అసలు చోటికి పోతుంది. పళ్ళేమో ఆ చోటుకు చేసినవి కావు. పై సెట్టు లేచి చిగురు పుండైంది.

పోయినప్పుడల్లా డాక్టరమ్మ రంగు కాగితం కొరికించి, మచ్చ పడ్డకాడ పళ్ళను అరగదీసి, “ఎట్లుందమ్మా?” అనేది.

“మంచిగుంది బిడ్డా.”

మెట్లు దిగంగనే మా ఇంటామె పళ్ళు తీసి రుమాల్ల చుట్టేది.

“మంచిగుంటే తీసుడేంది?” అన్నాను.

“పొద్దటిసంది నిలబడే ఉన్నది పాపం ఆ పిల్ల. ఏం చెప్పుదు? ఇగ నేను రాను. జావ తాగి బతుకుత.”

ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు చేసే మనిషి జావ తాగి బతకాల్నా? నాకు ఒళ్ళు మండింది. మా సాతంరాయిల బస్సెక్కించి మళ్ళీ తీసుకుపోయాను. పోంగనే కొలత ఎక్కడ తప్పిందో డాక్టరమ్మకు చెప్పుడు మొదలుపెట్టాను.

ఆమె అంతా విన్నది. “బాపూ, అమ్మను గూడ జర చెప్పనియ్యి. మంచిగుందా అమ్మా?”

మా ఇంటామె నా దిక్కు చూసింది, ఆమె దిక్కు చూసింది.

“లేదు బిడ్డా. ఏనాడూ మంచిగ లేదు.”

డాక్టరమ్మ నెత్తి కొట్టుకొని నవ్వింది. నిటారుగా కూర్చోబెట్టి కొత్త మైనం పెట్టింది. “నాలుక వెనక్కి మడువు. గుటక మింగి, మెల్లగ నోరు మూయి.”

దవడ మళ్ళీ ముందుకే వచ్చింది.

“వెనక్కి! ఇంకా వెనక్కి!” అన్నాను.

మా ఇంటామె మైనం తీసి చేతిల పట్టుకున్నది. “నువ్వు బయట కూసో. నువ్వు మొత్తుకుంటే నా దౌడ బిగుసుకపోతున్నది.”

బయట కూర్చున్నాను. లోపల ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను లేకుండానే కొలత కుదిరింది.

కొత్త పళ్ళు వచ్చిన రోజు రొట్టె తుంచి దవడ పళ్ళ కింద పెట్టుకున్నది. ఎట్లుందని అడిగాను.

“నమలనియ్యి,” అన్నది.