గడియారం వెనక్కి జరిగితే

రెండు వేల సంవత్సరం దాటాక, నిజామాబాద్‌లో డిగ్రీ ముగించుకుని వచ్చి, బాన్సువాడ బస్టాండుకు దగ్గరలో ఒక మేడ మీద ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. కంప్యూటర్లు ఆరు. అయిదింటి ముందు పరీక్షా ఫలితాల కోసమో ఉద్యోగాల దరఖాస్తుల కోసమో వచ్చినవాళ్ళు కూర్చునేవారు. ఆరోది మూలన నా బల్ల మీద ఉండేది. ఇంటర్నెట్ లైన్ దాని గుండానే మిగతా వాటికి వెళ్ళేది కాబట్టి, అది ఆగితే సెంటర్ మొత్తం ఆగినట్టే.

దాని బాగోగులు కనిపెట్టడానికి అందులో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టుకున్నాను. ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో, మెమరీ ఎంత నిండిందో నల్లటి తెర మీద రంగు గీతల్లో చూపించేది. దాన్ని ఎవరో దూరదేశపు మనిషి రాసి, కోడ్ అంతా అందరి ముందూ పెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. ఆ ఏర్పాటు నాకు భలే నచ్చింది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆ కోడ్ తెరిచి, కథల పుస్తకం చదివినట్టు చదివేదాన్ని.

ప్రాసెసర్ వాడకం వంద శాతానికి మించి ఉండదు. మా తెర మీద మాత్రం కరెంటు పోయి వచ్చిన రోజుల్లో ఒక్కోసారి అది కోట్ల శాతం చూపించేది. మరుక్షణం ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోయేది. చూసిన డిగ్రీ పిల్లలు, "అక్కా, దీనికి జరమొచ్చినట్టుంది" అని నవ్వేవారు.

నేను నవ్వలేకపోయాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఆ ప్రోగ్రాం రాసినాయనకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం తయారుచేసి మెయిల్ పంపాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. "ఇక్కడ మాకు అలా జరగడం లేదు. మీ యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి." అంతే. తప్పుగా ఏమీ అనలేదు, అయినా మనసు చివుక్కుమంది. బాన్సువాడలో ఉన్న యంత్రమంటే పాడైపోయిన యంత్రమే అనుకున్నాడేమోనని రెండు రోజులు ఉక్రోషంగా తిరిగాను.

మా సెంటర్ కింద మోటర్ల మరమ్మతు దుకాణం ఉండేది. దాన్ని నడిపే అన్న సొంతూరు జుక్కల్ వైపు ఒక తండా. నిజాంసాగర్ కాలువ కింది ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద వచ్చిన కాలిన మోటర్లకు కొత్త రాగితీగ చుట్టి బాగుచేసేవాడు. ఒకరోజు తమ్ముడి హాల్ టికెట్ ప్రింట్ తీయించుకోవడానికి పైకి వచ్చి, నా మొహం చూసి సంగతి అడిగాడు. చెప్పాను. కుర్చీ లాక్కుని నా బల్ల ముందు కూర్చున్నాడు.

"నాకు కంప్యూటర్ సంగతి తెల్వది చెల్లె. గని నా కాడికి మోటరు వస్తే ఫస్టు ఒక్కటే అడుగుత. కాలకముందు ఏం జరిగిందని. చెప్పు, కరెంటు వచ్చినంక నువ్వేం జేస్తవు?"

"ఏముందన్నా, ఆన్ జేస్త. టైం వెడ్త."

"టైం నువ్వెందుకు వెట్టుడు?"

"లోపలి సెల్లు అయిపోయింది. కరెంటు వోతే టైం మర్చిపోతది."

"మరి ఏది జూసి వెడ్తవు?"

గోడ మీది గడియారం చూపించాను. అన్న దాన్ని చూశాడు, తన చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇది పది నిమిషాలు ముందున్నది గద."

నిజమే. సాయంత్రం ఇంటికి వెళ్ళే కోటగిరి బస్సు తప్పిపోకూడదని నేనే ముందుకు పెట్టుకున్నాను. ఆ మాట చెబుతుండగానే నాకు విషయం తట్టింది. నేను తప్పు టైం పెడతాను. కాసేపటికి లైన్ కలవగానే కంప్యూటర్ ఇంటర్నెట్ నుంచి సరైన టైం తెచ్చుకుంటుంది. అంటే దాని గడియారం ఉన్నట్టుండి పది నిమిషాలు వెనక్కి జరుగుతుంది. మా ప్రోగ్రామేమో చేసిన పనిని గడిచిన కాలంతో భాగించి శాతం లెక్కగడుతుంది. గడిచిన కాలం సున్నా కంటే తక్కువ కావచ్చని రాసినాయన ఊహించలేదు. మైనస్ అంకెలు తెలియని ఆ లెక్కలో అది కోట్లుగా మారిపోయేది.

అప్పటికప్పుడు ప్రోగ్రాం నడుస్తుండగా గడియారాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పాను. కోట్ల శాతం వచ్చింది, ప్రోగ్రాం మూసుకుపోయింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అదే.

"దొరికింది పో," అన్నాడు అన్న, హాల్ టికెట్ సంగతే మరిచిపోయి.

ఆ వారం రోజులూ దిద్దుబాటు మీదే కూర్చున్నాను. నాలుగు వరుసలే, కానీ ఆ నాలుగూ రాయడానికి చాలా చదవాల్సి వచ్చింది. గడియారం చెప్పే టైం కాకుండా, కంప్యూటర్ ఆన్ అయిన దగ్గర్నుంచి ముందుకే నడిచే మరో లెక్క ఉంటుందని తెలిసింది. దాన్ని వాడి, జరిగినదంతా వివరంగా రాసి పంపాను. ఈసారి జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. "క్షమించండి. మా ఊళ్ళో కరెంటు పోదు, అందుకే నాకు తోచలేదు. మీరు చెప్పినట్టు గడియారం తిప్పి చూస్తే నా యంత్రం మీద కూడా ఇలాగే అయింది." ఆ చివరి వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. కోడ్ వరుసల్లో మాటల మధ్య ఖాళీలు సరిచేయమని మూడుసార్లు వెనక్కి పంపి, నాలుగోసారి నా దిద్దుబాటును ప్రోగ్రాంలో కలిపాడు.

నా సంతోషం మూడు వారాలు నిలిచింది. ఎక్కడో ఒక గ్రంథాలయంలో పనిచేసే ఆవిడ ఫిర్యాదు రాసింది. కొత్త ప్రోగ్రాం పెట్టుకున్నప్పటి నుంచి ఆమె తెర ఖాళీగా ఉంటోందట. ఆ ఫిర్యాదు నేను రాసిన వరుసల వైపే వేలు చూపిస్తోంది. నా దగ్గర చక్కగా నడుస్తోంది. "ఇక్కడ మాకు అలా జరగడం లేదు" అని టైప్ చేశాను కూడా. ఒక్క క్షణం చూసి, సిగ్గుపడి చెరిపేశాను. "ఖాళీ కావడానికి ముందు మీరు ఏమేం చేశారో చెప్పగలరా?" అని రాశాను. ఆమె ఓపికగా చెప్పింది. వాళ్ళది బాగా పాత సిస్టం, నేను వాడిన ఆ లెక్క అందులో లేనే లేదు. అది లేకపోతే పాత పద్ధతిలోనే లెక్కించి, తేడా వచ్చిన అంకెను వదిలేసేలా మళ్ళీ దిద్దాను. ఆమె కృతజ్ఞతలు చెప్పింది. మూలకర్త మాత్రం, ఇకపై ఆ భాగం బాధ్యత మీరే తీసుకోండి అన్నాడు. ఆరేడేళ్ళు చూసుకున్నాను.

బాధ్యత తీసుకోగానే నేను చేసిన మొదటి పని, సాయం చేసినవాళ్ళ జాబితాలో అన్నను చేర్చడం. పేరు వద్దన్నాడు. "దుకాణమని రాయి చెల్లె, గిరాకీ వస్తది," అన్నాడు. "బాన్సువాడ మోటర్ మెకానిక్" అని రాశాను. ఆ పేజీ ప్రింట్ తీయించుకుని వెళ్ళి, దుకాణంలో క్యాలెండర్ పక్కన అతికించాడు.

ఒకరోజు నేను మెట్లు దిగుతుంటే, కోటగిరి నుంచి వచ్చిన రైతు ఒకాయన ఆ కాగితాన్ని చూస్తూ ఏందిదని అడుగుతున్నాడు. అన్న చేతిలోని తీగ పక్కన పెట్టి, కరెంటు పోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, గోడ గడియారం, గ్రంథాలయం ఆవిడ, ఏదీ వదలకుండా అంతా చెప్పాడు. ఆయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"గదంత మంచిగనే ఉంది గని," అన్నాడు, "మా మోటరు ఎప్పుడిస్తవు?"