గూళ్ళు పూడ్చిన గోడ

మా ఆడబిడ్డ కడపలో కొత్తిల్లు కట్టించింది. పోయిన ఆదివారం చూడ్డానికి పోతే, గడపలో కాలు పెట్టీ పెట్టకముందే వెనిలా కేకు వాసన గుప్పుమని కొట్టింది. కేకేదో చేసినట్టుంది, టీతో పాటు ఒక ముక్క వస్తుందిలే అని ఆశపడి కూర్చున్నా. కేకూ లేదు, గీకూ లేదు. ఆ వాసన గోడకు బిగించిన ఇత్తడి స్టాండ్లలోని కొవ్వొత్తులదంట. గోడ బూడిదరంగు, గోడమీది ఫ్రేములు బూడిదరంగు, ఫ్రేముల్లో ఉన్న బొమ్మలేమిటో గీసినవాడికే తెలియాల, కొవ్వొత్తులూ బూడిదరంగే. ఇవన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు ఉండాలని డిజైనరు చెప్పినాడంట. ఆ ముక్క చెప్పేటప్పుడు మా ఆడబిడ్డ మొగం చూడాల, క్లాసులో ఫస్టు వచ్చిన పిల్ల మాదిరి వెలిగిపోతాంది. పొద్దుగూకింది కదా, ఒకటి ముట్టిద్దామని అగ్గిపెట్టె అడిగితే మాత్రం అదిరిపడింది.

"వెలిగించొద్దు వదినా, గోడకు మసి పడతాది" అనింది.

మసి పడకూడని దీపమంట! ముట్టించకూడని వత్తంట! నాకు ఒళ్ళు మండింది కానీ ఆమె ఇచ్చిన టీ తాగినా. మసిగోడల నడుమ పుట్టి పెరిగినదాన్ని, ఈమెకు ఏమని చెప్పేది?

కమలాపురం దగ్గర మా ఊర్లో మాది మట్టి మిద్దె. గోడలు ఎంత మందమంటే, ఎండాకాలం బయట నిప్పులు కురుస్తున్నా లోపల బండల మీద పొట్ట ఆనించి పడుకుంటే చల్లగా నిద్ర పట్టేది. ఆ గోడల్లో గూళ్ళుండేవి. గూడు పెట్టేదానికి మా ఊర్లో ఒక పద్ధతి ఉండేది. గోడ ఛాతీ ఎత్తుకు లేచేసరికి మేస్త్రి ఇంటామెను పిలిచి, గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి చాపమని, ఆ చెయ్యి యాడ ఆనితే ఆడ గూడు వదిలేవాడు. ఇంట్లో దీపం పెట్టే చెయ్యి ఎవరిదో ఇల్లు ఆమె కొలతకు లేచేది. మా ఇంటి గూళ్ళు మా అవ్వ చేతి కొలత. పక్కిల్లు పరుపులు కుట్టే ఖాసింబీ అత్త వాళ్ళది. ఖాసింబీ అత్తకు అత్తగారు నేను పుట్టకముందే పోయింది. ఆమే మా అవ్వా ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఒకే ఎత్తు, ఒకే ఏడు ఒకే మేస్త్రిని పెట్టుకొని ఇండ్లు కట్టించుకొన్నారు. ఆ మహానుభావుడికి చేతనైంది ఒకటే రకం ఇల్లు, దాన్నే ఊరంతా కట్టుకుంటూ పోయినాడు. అందుకే ఆ ఇల్లూ ఈ ఇల్లూ అచ్చం ఒకటే, గూడు గూడుకూ సరిపోయేది.

తలవాకిలి పక్క గూట్లో దీపం, అగ్గిపెట్టె. పడసాల నడిమి గూట్లో అవ్వ వక్కాకు సంచి. వంటింటి పక్క గూట్లో వాము, సొంఠి, వసకొమ్ము, పిల్లలకు కడుపునొప్పి వస్తే అరగదీసి పోసేవన్నీ. పెరటివాకిలి గూట్లో సీకాయ పొడి, ఆముదం సీసా. దీపం గూటిపైన గోడంతా నల్లగా మసి పాకి ఉండేది. ఉగాదికి సున్నం కొట్టేటప్పుడు కూడా ఆ మసిని అట్లే వదిలి చుట్టూ కొట్టేవాళ్ళు, ఆ మసినే వేలితో తీసి అవ్వ చంటిపిల్లల అరికాలికి దిష్టిచుక్క పెట్టేది. ఇంక గోడకు అలంకారం అంటే పోయినేటి క్యాలెండరు, తాత ఫోటో, మా పెద్దమ్మ పూసలతో కుట్టిన చిలక. ఆ చిలక నాకు తెలిసినప్పటినుంచీ ఒక పక్కకు వాలిపోయే ఉంది, దాన్ని సరిచేసిన వాళ్ళు లేరు, సరిచేయనందుకు మా ఇంట్లో ఎవరి అన్నమూ ఆగలేదు. కరెంటు పోయిన రోజు చెంబు బోర్లించి, దానిమీద రెండు మైనం చుక్కలు కార్చి కొవ్వొత్తి నిలబెట్టేవాళ్ళు, ఆ వెలుగులోనే సంగటి ముద్దలు, రోట్లో నూరిన ఊరిబిండి, పచ్చి ఉల్లిగడ్డ. పీర్ల పండక్కి ఖాసింబీ అత్త మలీదా ముద్దలు గిన్నెలో పెట్టి పెరటి గోడమీంచి అందిస్తే, ఉగాదికి మా ఓళిగలు అదే గిన్నెలో అదే గోడమీంచి పోయేవి. ఎండాకాలం మధ్యాన్నాలు ఆ ఇంటి ఆడపిల్లలూ నేనూ మా పడసాలలో అచ్చనగండ్లు ఆడతాంటే, మా పక్కనుంచే మా అవ్వ గోడ పట్టుకొని అటూ ఇటూ తిరగతా ఉండేది.

నాకు ఊహ తెలిసేసరికే ఆమెకు చూపు లేదు. నరం ఎండిపోయింది, ఇంక చేసేదేం లేదన్నారంట డాక్టర్లు. అయినా మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమెకు కండ్లు కనపడవని సులువుగా తెలిసేది కాదు. ఎడమచెయ్యి గోడకు ఆనించి నడిచేది, వేళ్ళకు గూటి అంచు తగిలితే చాలు తను యాడుందో తెలిసిపోయేది. స్నానానికి తానే పోయేది, వక్కాకు తానే తీసుకొనేది, పొద్దుగూకితే దీపం తానే పెట్టేది. ఒకరి చెయ్యి పట్టుకొని దొడ్డికి పోవాల్సిన రోజు వస్తే నన్ను తీసుకపో స్వామీ అని రోజూ దండం పెట్టుకొనేది. ఆమెకు ఉన్న భయమల్లా అదొక్కటే.

ఇట్లుండగా కర్నూల్లో రోడ్ల కాంట్రాక్టులు పట్టి నాలుగు దుడ్లు చేసుకొన్న మా చిన్నాయనకు ఒక బుద్ధి పుట్టింది. ఎవరో పెద్ద నాయకుడు మా ఊరికి వస్తాండాడు, మా ఇంట్లోనే భోంచేస్తాడు, ఈ మసిగూళ్ళు చూస్తే తన పరువు పోతాది అన్నాడు. మా నాయన మెతకమనిషి, తమ్ముడి మాటకు ఏనాడూ ఎదురు చెప్పలేదు. చిన్నాయన అవ్వను మేనత్త వాళ్ళింటికి పంపించి, గూళ్ళన్నీ ఇటుకలతో పూడ్చి, సిమెంటుతో నున్నగా మెత్తించి, గోడలకు నీలం రంగు కొట్టించినాడు. బెంగళూరు నుంచి పటాలు దిగినాయి, వాటి నిండా మంచుకొండలు, కొండల కింద సరస్సు, సరస్సులో హంసలు. మా ఊర్లో బర్రెలకు తాగను నీళ్ళు లేవు, మా గోడ మీద హంసలు! ఒక్కొక్క పటానికి అటొకటి ఇటొకటి మూడుకొమ్మల ఇత్తడి స్టాండ్లు, నీలం గోడకు జోడీగా నీలం కొవ్వొత్తులు. మా చిన్నమ్మ దూరంగా పోయి నిలబడి, కండ్లు చికిలించి, ఎడమది రవ్వంత పైకి, కుడిది రవ్వంత కిందికి అని రెండు రోజులు పనివాళ్ళ ప్రాణం తీసింది. అది మే నెల. నాయకుడు వచ్చేలోపలే ఆ కొవ్వొత్తులన్నీ మెత్తబడి, నడుములు వంచి నేలచూపులు చూస్తా నిలబడినాయి. మా సీమ ఎండకు మైనం నిలబడదనే సంగతి మరిచిపోయేంత గొప్పోళ్ళయినారు మా వాళ్ళు. ఆ నాయకుడు కారు దిగి, చెమట తుడుచుకొని, మజ్జిగ తాగి, వేరే ఊర్లో పనుందని పోయినాడు. గోడవైపు చూసిన పాపాన పోలేదు.

మరుసటి రోజు అవ్వ వచ్చింది. గూళ్ళు పూడ్చినారని ఆమెకు చెప్పే ధైర్యం మా నాయనకు లేకపోయె, చెప్పాలనే తలపే చిన్నాయనకు రాకపోయె. అలవాటుగా తలవాకిట్లో చెయ్యి గోడకు ఆనించింది. గోడ నున్నగా జారిపోయింది. ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ తడిమింది, గాబరాపడి రెండు అడుగులు గబగబా వేసేసరికి స్టాండు కొమ్మ నొసట్లో గుచ్చుకొనింది. నెత్తురు ముక్కుమీదికి కారతాంటే తుడుచుకోకుండా అట్లే నిలబడి, "ఇది ఎవురిల్లప్పా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగా తెలియకనే అడిగింది. మా చిన్నమ్మ పరిగెత్తుకుంటా వచ్చి, ముందు స్టాండు వంగిందేమోనని చూసింది. ఆ చూపును నేను ఈనాటికీ క్షమించలేదు, క్షమించబోను.

ఆ రోజునుంచి అవ్వ మంచం దిగలేదు. దొడ్డికి పోవాలంటే మా అమ్మయినా నేనైనా చెయ్యి పట్టుకోవాల. మమ్మల్ని పిలవలేక నీళ్ళు తాగేది తగ్గించింది, బువ్వ తగ్గించింది. ఒక్క దీపం గూడైనా తెరిపిద్దామురా అని మా నాయన ఒకసారి అంటే, గోడ అందం చెడతాదని చిన్నాయన కసురుకొన్నాడు. అందం! ఆ మాట ఇప్పుడు ఎవరి నోట విన్నా నాకు ఆ నున్నటి నీలం గోడే కనపడతాది.

ఒక పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీ. వీధంతా వెతికి చివరికి ఖాసింబీ అత్త వాళ్ళింట్లోకి పోయినాం. అవ్వ వీధిగోడ పట్టుకొని అక్కడికి చేరింది. ఎవరూ చెయ్యందించకుండానే పడసాల దాటి, వంటిల్లు దాటి, పెరట్లోకి పోయి మొగం కడుక్కొని వస్తాంది. దీపం గూట్లో చెయ్యి పెట్టి అగ్గిపెట్టె తడిమి చూసుకొని చిన్నపిల్ల మాదిరి నవ్వింది. అంతకుముందు నెల రోజులుగా ఆమె పెదవి కదలడం మేం చూడలేదు.

కబురు తెలిసి చిన్నాయన కర్నూలు నుంచి ఎగురుకుంటా వచ్చినాడు. కన్నతల్లి పక్కోళ్ళింట్లో ఉంటే ఊర్లో నా మొగం యాడ పెట్టుకోవాల అని వీధి దద్దరిల్లేటట్టు అరిచినాడు. ఖాసింబీ అత్త కుట్టే పరుపును పక్కకు జరిపి అవ్వకు దోవ వదిలింది. అవ్వ వాకిట్లోకి వచ్చి గోడమీద చెయ్యేసి నిలబడింది.

"నీ ఇల్లు ఆడుండాది, పోయి చూసుకోప్పా. నాకు తోవ తెలిసిన ఇల్లు ఇదే" అనింది.

ఆ ఇంట్లోనే ఉండింది, ఆ ఇంట్లోనే పోయింది. మా అమ్మ వండిన బువ్వ పెరటి గోడమీంచి పోయేది. చివరి రోజు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

మా మిద్దె ఇప్పుడు లేదు, చిన్నాయన కొడుకులు అమ్ముకున్నారు. ఆడబిడ్డ ఇల్లు చూసి వచ్చినాక మనసు ఆగక నిన్న ఊరికి పోయినా. ఖాసింబీ అత్త ఉంది. ఆమె మట్టిమిద్దె కూడా పడగొట్టి, ప్రొద్దుటూరులో ఫర్నిచర్ అంగడి పెట్టుకొన్న కొడుకు అదే జాగాలో కొత్తది కట్టినాడు. గోడలకు నిగనిగలాడే పలకలు, వాటిమీద అద్దాలు, అద్దాల పక్కన బ్యాటరీ కొవ్వొత్తులు వణికినట్టు నటిస్తా వెలుగుతాండాయి. సోఫాలో ముడుచుకొని కూర్చున్న ఖాసింబీ అత్త నా గొంతును బట్టి గుర్తుపట్టింది. షుగరు ఆమె కండ్లు తినేసింది. కోడలు అంగడికి పోయింది, ఎప్పుడొస్తాదో ఏమో అని, చెప్పలేక చెప్పలేక బాత్రూముకు తీసుకపొమ్మని అడిగింది.

"మీ అవ్వకు కండ్లు పోతే మా ఇల్లుండె పాపా" అనింది లేస్తా. "నాకు ఏ ఇల్లుండాది?"

చెయ్యి పట్టుకొని నడిపించుకొని పోయినా. ఆమె రెండో చెయ్యి దారి పొడుగునా ఆ నున్నటి గోడను తడుముతానే ఉంది.