తుమ్ముల మధ్య ఇంగ్లీషు పాఠం

పోయిన వారం మా ఆడపడుచు, పాతికేళ్ళుగా తను పాఠాలు చెబుతున్న బడికే హెడ్మిస్ట్రెస్ అయింది. సంతోషం పట్టలేక ఫోన్లో ఇంగ్లీషులో శుభాకాంక్షలు రాశాను. 'హ్యాపీనెస్' ముందు నేను దర్జాగా పెట్టిన 'ది' కింద ఫోను ఎర్రగీత గీసింది. అది చూడగానే తుమ్ము వచ్చినంత పనైంది. ఇంగ్లీషు వ్యాకరణానికీ తుమ్ముకీ ఏం సంబంధం అని మీరనొచ్చు. మా ఇంట్లో ఉంది.

నేను ప్రత్తిపాడుకు కోడలిగా వెళ్ళిన కొత్తలో, అంటే తొంభైల చివర్లో, తను బీఎడ్ పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరుగుతోంది. ఇంగ్లీషు బాగా వచ్చు, కాకపోతే వచ్చిందంతా గొంతులోనే ఆగిపోయేది. పాఠం చెప్పి చూపించమని రెండు బళ్ళలో అడిగితే రెండుచోట్లా చెమటలు పట్టి, మాట పెగలక తిరిగొచ్చేసింది. ఇంతలో గుంటూరు బడి ఒకటి పిలిచింది. "ఇదే ఆఖరు. ఇదీ రాకపోతే మన పురుగుమందుల కొట్లో కూర్చో" అని మామయ్యగారు తేల్చేశారు. ఆ కొట్టు వాసనే తనకు గిట్టేది కాదు. చిన్నప్పటినుంచీ గోడలమీద సుద్దముక్కతో పాఠాలు చెప్పుకున్న పిల్ల, పాపం, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఉపాయం అత్తయ్యగారు కనిపెట్టారు. కల్లంలో మిరపకాయలు ఎండుతున్న రోజులవి. రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు చుట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. "వీళ్ళకు చెప్పవే పాఠం. ముందు గొంతు బయటికి రానీ" అంటూ కూతుర్ని వాళ్ళ ముందు నిలబెట్టారు. బడివాళ్ళు ఇచ్చిన పాఠమేమో ప్రేమ, భయం, ధైర్యం లాంటి కంటికి కనపడనివాటి ముందు 'ది' ఎప్పుడు పెట్టాలన్నది. "ఊరికే ధైర్యం అంటే 'ది' అక్కర్లేదు, ఫలానావాళ్ళ ధైర్యం అంటే పెట్టాలి" అని గొణిగింది. "ఏం వినపళ్ళేదమ్మాయ్, గట్టిగా అరువు!" అని వెనకనుంచి ఒకావిడ కేకేసింది. పక్కావిడ "మా ఆయన తాగొచ్చి చూపించే ధైర్యానికి పెట్టాలా, వద్దా?" అంది. కల్లమంతా నవ్వులు, ఆ వెంటే తుమ్ములు. వారం తిరిగేసరికి ఆ గోలను మించి అరవడం తనకు అలవాటైంది.

బడికి వెళ్ళేరోజు నా నీలం పట్టుచీర ఇచ్చాను. ఇస్త్రీచేసిన చీర నలగకూడదని అత్తయ్యగారు దాన్ని ముందురోజే మిరపకాయల బస్తాలమీద పరిచి ఉంచారట. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. తోడుగా వెళ్ళిన నేను కిటికీ పక్కన నిలబడ్డాను. వెనక బెంచీలో బడి కరస్పాండెంటుగారు కర్ర మింగినట్టు కూర్చున్నారు. తను నోరు తెరిచింది. మాట రాలేదు. అయిపోయింది, పురుగుమందుల కొట్టే, అనుకున్నాను. పైన ఫాను తిరుగుతోంది, చీర చెంగు రెపరెపలాడుతోంది. ముందు బెంచీలో ఒక పిల్ల తుమ్మింది. పక్కపిల్లాడు అందుకున్నాడు. చూస్తుండగానే వరసంతా తుమ్ములే. కరస్పాండెంటుగారు కూడా ఆపకుండా తుమ్మేసరికి పిల్లలు ఫక్కున నవ్వారు.

తన చెవులకు అది కల్లంలాగే వినిపించి ఉండాలి. "ముక్కులకు కొంగులు చుట్టుకోండమ్మా, పాఠం ఆగదు!" అని ఖంగుమంది గొంతు. కరస్పాండెంటుగారు బుద్ధిగా చేతిరుమాలు తీసి ముక్కుకు కట్టుకున్నారు. ఇక తాగుబోతు మొగుడి ధైర్యంతో సహా పాఠమంతా నడిచిపోయింది. "రేపే వచ్చి చేరండమ్మా. ఆ చీర మాత్రం ఇంట్లో పెట్టి రండి" అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. బస్సెక్కాక తను నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఏడుపాగలేదు.

ఎర్రగీతతోనే శుభాకాంక్షలు పంపేశాను. వెంటనే ఫోను చేసింది. "'ది' తీసెయ్యకు వదినా. ఎవరి సంతోషమో మనిద్దరికీ తెలుసుగా" అంది, బడంతా వినపడేంత గట్టిగా. తర్వాత బీరువాలోంచి ఆ నీలం చీర తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఘాటంతా ఎగిరిపోయింది. తుమ్ము రాలేదు, నవ్వు మాత్రం అప్పటిలాగే వచ్చింది.